ఆకుపచ్చ మీట పునఃప్రతిష్ఠా విజయము

సకలోద్యోగిజనసుఖనిద్రాప్రదాయకమును, అలారంగడియారగర్వభంగకరమును, వారమంతటి బడలికను దుప్పటిక్రింద దాచుకొనునదియునైన ఆదివారమనెడి శుభదినమున, సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ళట్యాంకుమీదికి ఎగబ్రాకి, అచ్చట క్షణమాత్రము ఊపిరి పీల్చుకొని, రెండవ అంతస్తు ముందుగది కిటికీలోనికి తొంగిచూచిన వేళ, ఆ గదిలో మూడుకాళ్ళు నేలమీదను, నాలుగవకాలు మడతపెట్టిన అట్టముక్కమీదను ఆనించి నిలిచియున్న ఒక చెక్కబల్లపై మహాసంగ్రామమొకటి సంభవించెను.

ఆ సంగ్రామము రాజ్యము కొరకు కాదు, రత్నము కొరకు కాదు. కంప్యూటరు తెర అడుగున వేలెడు వెడల్పున ఒక పట్టీ ఉండేది. ఆ పట్టీకి ఎడమ మూలన ఒక ఆకుపచ్చ మీట ఉండేది. దాని కొరకు. నవ్వకండి. నవ్వేవారి ఇళ్ళలోనూ కంప్యూటర్లు ఉన్నాయి, వాటికీ సెట్టింగులు ఉన్నాయి, ఆ సెట్టింగుల్లోకి హుషారుగా వెళ్ళి తిరిగి దారి తెలియక తల పట్టుకున్నవారు ప్రతి ఇంట్లోనూ ఒకరైనా ఉన్నారు.

మొదట వీరుణ్ణి చూడండి. ఫలకలేఖనధురంధరుడు, ఎనామెల్‌వర్ణవిన్యాసవిశారదుడు, నిచ్చెనారోహణనిర్భయుడు, దుకాణనామాక్షరశిల్పి. మామూలు మాటల్లో చెప్పాలంటే అంగళ్ళకు బోర్డులు రాసే పెయింటరు. వీధి చివరి మందుల షాపు బోర్డు మీద ‘మందులు’ అన్న మాట చూడగానే సగం జబ్బు తగ్గినట్టుంటుందని జనం అనుకుంటారంటే, అది షాపువాడి గొప్ప కాదు, మనవాడు దకారానికి తగిలించిన కొమ్ము వంపు చలవ. ఇన్ని గుణాలున్న ఆ మహానుభావుడికి లోపం ఒక్కటే. కంటికి నచ్చనిది ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు. మొట్టమొదటిసారి అత్తవారింట్లో అడుగుపెట్టినప్పుడు, గోడ మీద ఓరగా వేలాడుతున్న ఫోటోను సరిచేశాకే కుర్చీలో కూర్చున్నాడు. ఆ సంగతి అతని భార్య వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికీ చెబుతుంది.

ఇక రణరంగం. ఆ కంప్యూటరు ఆ దంపతుల పెళ్ళి కంటే పాతది. మునుపు దాన్ని ఏలిన మహాకాయ ఆపరేటింగ్ వ్యవస్థ, పవర్ మీట నొక్కాక కాఫీ కలుపుకుని, తాగి, కప్పు కడిగి వచ్చినా కళ్ళు తెరిచేది కాదు. కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడొకడు జాలిపడి ఆ బరువునంతా తుడిచేసి, దాని స్థానంలో ఒక తేలికపాటి డెస్క్‌టాప్ వ్యవస్థని పెట్టాడు. ముసలి యంత్రం లేగదూడలా గెంతింది. కాని దాని రూపం ఉందే, అది పూర్తిగా బూడిద. బూడిద పట్టీ, బూడిద కిటికీలు, బూడిద మెనూలు. స్నేహితుడు చెప్పులు వేసుకుంటూ, “దీన్ని నీకు నచ్చినట్టు మార్చుకోవచ్చురా, అన్నీ నీ చేతిలోనే ఉంటాయి,” అని ఒక మాట అనేసి పోయాడు. ఆ మాట పెయింటరు మనసులో పడి, రాజుకుంటూ ఉండిపోయింది.

ఆ బూడిద డెస్క్‌టాప్‌ని మనసారా ప్రేమించిన ప్రాణి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిడ పెయింటరుగారి అత్తగారు, రిటైరైన లెక్కల టీచరు. ఆవిడకు కంప్యూటరంటే ఆకుపచ్చ మీట. అది నొక్కితే వేరే ఊళ్ళో ఉన్న అక్క ముఖం తెర నిండా వస్తుంది. రోజూ పదకొండు గంటలకు అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో చదరంగం బల్ల ముందేసుకుని ఆడుకుంటారు. ఎవరు ఏ పావు కదిపినా తెర మీద చూసి రెండో ఆవిడ తన బల్ల మీద కూడా అదే కదుపుతుంది. వాళ్ళ ఆటకు కట్టుబాట్లు రెండే. పదకొండు గంటలు కొట్టేసరికి తెర ముందు లేనివారు ఓడినట్టు. ఫోనులో ఆడిన ఆట చెల్లదు. ఈ రెండోది ఒకసారి ఫోను బుల్లి తెరలో అక్క ఒంటెను చూసి బంటు అనుకుని చెల్లెలు ఆట పోగొట్టుకున్నాక, నెలరోజులు మాటలు మానేశాక, పెట్టుకున్న కట్టుబాటు.

అక్క చిన్నప్పటి నుంచి గెలుస్తూనే ఉంది. చెల్లెలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది కాని అక్కను ఒక్కసారీ ఓడించలేదు. అలాంటిది, నిన్న కరెంటు పోయి ఆట ఆగేసరికి అక్క రాజు మూలన పడ్డాడు. చెల్లెలి ఏనుగు ఒకటి, గుర్రం ఒకటి వాడి మీదికి గురిపెట్టి ఉన్నాయి. ఇంకొక్క ఎత్తు. రాత్రంతా గాలికైనా పావు కదలకుండా ఆవిడ ఆ బల్ల మీద ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, పొద్దున్నే లేచి బుట్ట సందులోంచి ఓసారి చూసుకుని, తనలో తాను నవ్వుకుంటూ బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే అల్లుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

కూర్చుని, మౌస్ చేతబట్టి, ఆ ధూసరసామ్రాజ్యమును నఖశిఖపర్యంతము పరికించి, కనుబొమలు ముడివడగా, “ఓరీ బూడిదవర్ణాధమా! నిరలంకారా! నీరసశిరోమణీ! వీధివీధిని వన్నెచిన్నెలు నాటిన నా యింట, నా కన్నుల యెదుట, తడిసిన సిమెంటుసంచి రంగుతో ఎన్నినాళ్ళు పడియుందువు? నేడు నిన్ను నా యిచ్చవచ్చినట్లు తీర్చిదిద్దనేని ఇది కుంచె పట్టిన చేయియే కాదు!” అని మనసులో సింహనాదము చేసెను. పైకి మాత్రం గొంతు సవరించుకున్నాడు.

పక్కగదిలో, నర్సుగా పనిచేసే భార్య వారానికి సరిపడా యూనిఫారాలు ఇస్త్రీ చేసుకుంటోంది. భర్త గొంతు సవరింపుల్లో ఏది దేనికో ఆవిడకు తెలుసు.

“ఏం చేస్తున్నారు?” అంది అక్కణ్ణుంచే.

“ఏం లేదు. కొంచెం రంగు మారుస్తున్నా.”

“పదకొండింటికి అమ్మ ఆట ఉంది. గుర్తుందిగా?”

“అదెంతసేపు పని! పది నిమిషాలు.”

“వంటగది తలుపుకి కూడా పది నిమిషాలే అన్నారు. ఇవాళ్టికీ సగం నీలం, సగం పసుపు.”

అప్పటికే యుద్ధం మొదలైంది.

తొలిపోరు వాల్‌పేపరుతో. అక్కడ ఏనాటినుండియో పాతుకుపోయిన కొండబొమ్మను ఒక్క వేటున కూల్చి, సముద్రమును నిలిపి, అది మరీ నీలముగా నున్నదని దానిని ఇంకించి, అడవిని మొలిపించి, అది మరీ ఆకులుగా నున్నదని దానిని నరికించి, కట్టకడపట కాటుకనలుపు పరచి, కుడిమూలన వెంట్రుకవాసి బంగారుగీత ఒక్కటి ఉంచి, “ఆహా!” అని తన్ను తానే మెచ్చుకొనెను. మలిపోరు కిటికీల తలకట్లతో. లావుగా, బండగా, ప్రతి కిటికీ నెత్తిన కూర్చున్న ఆ తలకట్లను వరుసబెట్టి ఖండించగా, మూసే గుర్తులు, తెరిచే గుర్తులు అన్నీ వాటితోపాటే రాలిపోయాయి. పోతే పోయాయి, చూపుకి శుభ్రంగా ఉంది అనుకున్నాడు. ఆ పిమ్మట చిత్రవిచిత్రవర్ణసంకరములైన ఐకాన్ల గుంపుపై విరుచుకుపడి, ఎర్రనిదానిని ఎరుపు విడిపించి, నీలిదానిని నీలము విడిపించి, ఆకుపచ్చదానిని సైతము పచ్చదనము విడిపించి, అన్నిటికిని సన్నని బూడిదగీతల ఏకరూపదుస్తులు తొడిగించి వరుసలో నిలబెట్టెను.

మిగిలింది పట్టీ. దాన్ని సన్నం చేశాడు. ఇంకా సన్నం చేశాడు. దారప్పోగంత అయ్యాక కూడా అది కంటికి అడ్డుగానే తోచింది. అప్పుడు ‘అవసరం లేనప్పుడు దాక్కో’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. పట్టీ తెర అంచు కిందికి దిగిపోయింది. చివరగా, గెలిచిన కోట మీద జెండా ఎగరేసినట్టు, మెనూల నేపథ్యానికి కాటుక నలుపు, అక్షరాలకు బొగ్గు నలుపు ఎంచుకున్నాడు. నలుపు మీద నలుపు. ఎంత హుందా! కుర్చీ వెనక్కి నెట్టి, ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి కొలత చూసుకుని, భార్యను పిలిచాడు.

ఆవిడ వచ్చి చూసింది.

“కరెంటు పోయిందా?”

“సరిగ్గా చూడు.”

“చూస్తున్నా. ఏం చూడాలి?”

“అదే కళ! ఏదీ అరవకూడదు. అన్నీ నెమ్మదిగా మాట్లాడాలి.”

“నెమ్మది సరే, టైమెంతయింది? ఇక్కడ గడియారం ఉండేదిగా.”

“మౌస్ కిందికి తీసుకెళ్తే పట్టీ వస్తుంది, అందులో ఉంటుంది.”

“టైము చూసుకోవడానికి వేట మొదలెట్టాలన్నమాట,” అని ఆవిడ గోడ గడియారం ఉన్న గదిలోకి తిరిగి వెళ్ళిపోయింది. “పావుగంట ఉంది,” అని అటునుంచి కేకేసింది.

అంతలో అత్తగారు వచ్చింది. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, చదరంగం బల్లను బుట్టతో సహా తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుని, తెర వైపు చూసింది. చూసి, కళ్ళజోడు తీసి మళ్ళీ తుడిచింది.

“ఎలా ఉంది అత్తయ్యగారూ?”

“బాగుంది బాబూ. టీవీ కట్టేసినట్టు ప్రశాంతంగా ఉంది.”

వీరుడి ఛాతీ ఉప్పొంగింది. మెచ్చుకోలు అనే మాయదారి అస్త్రం ఎవరినైనా పడగొడుతుంది.

“అయితే బాబూ, ఆకుపచ్చది ఎక్కడుంది?”

“కింద దాక్కుని ఉంటుందండీ. మౌస్ అడుక్కి తీసుకెళ్ళండి.”

ఆవిడ తీసుకెళ్ళింది. దారప్పోగు పట్టీ పైకొచ్చింది. ఆవిడ ముందుకు వంగి చూసేలోగా చెయ్యి కాస్త కదిలింది. పట్టీ లోపలికి పోయింది. మళ్ళీ తీసుకెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

“ఇది నాతో దాగుడుమూతలాడుతోంది బాబూ.”

“ఈసారి వచ్చాక కదలకండి. ఎడమ నుంచి మొదటిది.”

“అన్నీ ఒకలాగే ఉన్నాయే. ఇది కెమెరానా, చెత్తబుట్టా?”

“అది... ” అని పెయింటరు తానూ వంగి చూశాడు. కెమెరానో చెత్తబుట్టో అతనికీ తెలియలేదు. అయినా వీరులు వెనుకంజ వేయరు కదా. “ఒక్క నిమిషం, పెద్దది చేసేస్తా,” అని మౌస్ అందుకుని, పట్టీ మీద కుడిమీట నొక్కాడు. కాటుక నలుపు మెనూ విచ్చుకుంది. అందులో బొగ్గు నలుపు అక్షరాలు ఉండే ఉంటాయి. వరుసలో మూడోది పట్టీ సెట్టింగులని అతనికి గుర్తు. మూడోదని తోచిన చోట నొక్కాడు. ఒక నల్లటి పెట్టె లేచి, నల్లటి అక్షరాలతో ఏదో ప్రశ్న అడిగింది. ప్రశ్న ఏదైతేనేం, సరేనన్నాడు.

పట్టీ మాయమైంది. ఈసారి దాక్కోలేదు. మౌస్‌ని అడుక్కి తీసుకెళ్ళినా, పైకి తీసుకెళ్ళినా, నాలుగు మూలలా తిప్పినా రాలేదు. ఆ పెట్టె అడిగిన ప్రశ్న ‘పట్టీని శాశ్వతంగా తీసెయ్యమంటారా?’ అని.

హా దైవమా! నిఖిలగవాక్షాధారభూతయు, గడియారధారిణియు, అత్తగారి ఏకైకాలంబమును అగు పట్టీయే లేని ఆ తెర, తలుపులు లేని కోటవలె, దారులు లేని అరణ్యమువలె, నిశ్శబ్దమై, హుందాయై, పరమభయంకరమై వీరుని ముందర నిలిచెను. మెనూలు తెరిస్తే తెరుచుకుంటున్నాయి. చదవబోతే నలుపు. కళ్ళు చిట్లించాడు. నలుపు. గుమ్మం పక్కనున్న టార్చిలైటు తెచ్చి తెర మీదికి వేశాడు. నలుపు మీద అతని ముఖమే కనిపించింది.

“ఏమైంది?” అంది భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి.

“ఏం కాలేదు. కొంచెం చీకటిగా ఉంది.”

“అమ్మా, నా ఫోనులోంచి పెద్దమ్మకి చెయ్యనా?”

“వద్దమ్మా. ఫోనులో చెల్లదు.” అత్తగారు నెమ్మదిగా అంది. “నేను పెట్టిన కట్టుబాటే అది. నేనే తప్పితే అక్క ఊరుకుంటుందా?”

పెయింటరు మౌస్‌తో నల్లటి చీకట్లో అక్కడా ఇక్కడా పొడిచాడు. ఏదో తెరుచుకుంది. దానికి తలకట్టు లేదు, కనుక మూసే దారీ లేదు. దాని మీద ఇంకొకటి తెరుచుకుంది. “ఓరి దుర్మార్గపు కిటికీలారా! నేను తలలు నరికినను మొండెములతో నాపైకి లేచుచున్నారా!” అని మనసులో గర్జించాడు. నోటి నుంచి మాత్రం, “రెండు నిమిషాలండీ అత్తయ్యగారూ,” అని వచ్చింది.

అత్తగారు బుట్ట ఎత్తింది. రాత్రంతా కాపాడుకున్న ఆటను ఒకసారి తనివితీరా చూసుకుంది. అటు మూలన పడి ఉన్న అక్క రాజును, ఇటు ఒక్క ఎత్తు దూరంలో ఉన్న తన ఏనుగును చూసింది.

“పోనీలెండి బాబూ. మీరు అంత కష్టపడి అందంగా చేశారు. ఓడిపోతే కొత్తేమీ కాదు నాకు, అలవాటే.” బుట్ట పక్కన పెట్టింది. “గెలుపు సంగతలా ఉంచండి. నేను కనబడకపోతే అక్క ఏమైందోనని కంగారు పడుతుంది. పైకి మాత్రం ‘భయపడి దాక్కుంది’ అంటుంది.”

అలా అని ఆవిడ నవ్వి, ఒక బంటును తీసి డబ్బాలో వేసింది.

ఆ బంటు డబ్బా అడుగున టక్కుమన్న చప్పుడు పెయింటరు చెవుల్లో పెద్ద గంటలా మోగింది. అతనికి నిజంగా సిగ్గేసింది. ఆడంబరంగా కాదు, పనివాడికి తన పని ముందు వేసే సిగ్గు. పని నేర్చుకునే రోజుల్లో అతను ఒక ఇస్త్రీ దుకాణానికి బోర్డు రాశాడు. తీగలూ పువ్వులూ చుట్టి, ఎర్ర మీద మెరూన్ వేసి, అక్షరాలను గాలిలో తేలిపోయేలా చేసి, గురువుగారిని తీసుకొచ్చి చూపించాడు. ఆయన ఇతన్ని రోడ్డుకి అవతలి వైపుకు తీసుకెళ్ళి నిలబెట్టి, “చదవరా,” అన్నాడు. రాసినవాడే చదవలేకపోయాడు. “అది నీకోసం రాసుకున్నావురా. దారిన పోయేవాడికి రాయి,” అన్నాడు ఆయన. ఆ మాట విన్నాక ఇన్నేళ్ళలో వీధిలో ఏ బోర్డు మీదా తప్పని నియమాన్ని, ఇవాళ తన ఇంట్లో తప్పాడు.

“అత్తయ్యగారూ, ఆ బంటుని మళ్ళీ దాని చోట్లో పెట్టండి,” అన్నాడు.

ఆవిడ పెట్టేసింది.

“ఏడు నిమిషాలు,” అంది భార్య.

పెయింటరు లేచి నిలబడబోయి బల్ల మీద చెయ్యి ఆనించాడు. బల్ల ఊగింది. నాలుగో కాలు కింది అట్టముక్క జారింది. ఇలాంటి ఘడియలో ఇంకెవరైనా అయితే దాన్ని పట్టించుకోరు. కాని మనవాడి సంగతి తెలిసిందే కదా, వంకర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల అంచు పక్కగా వంగి, అట్టముక్కను కాలి కిందికి తోస్తూ, యథాలాపంగా తల ఎత్తి పైకి తెర వైపు చూశాడు.

అక్షరాలు!

అది పాత తెర. ఎదురుగా చూస్తే నలుపు నలుపులాగే ఉంటుంది గాని, బాగా కిందినుంచి చూస్తే రంగులన్నీ తిరగబడి వెలవెలబోతాయి. ఇన్నాళ్ళూ అది దాని లోపమని పెయింటరు విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ లోపంలోనే మెనూ మీది మాటలు ఒక్కొక్కటిగా, తెల్లబోయి, వణుకుతూ, బయటపడ్డాయి.

“కనబడుతున్నాయి!” అని కింది నుంచి అరిచాడు. “అత్తయ్యగారూ, మౌస్ పట్టుకోండి!”

“నేనా?”

“నేను లేస్తే కనబడవు. మీరు నడపండి, నేను చెబుతా.”

అంతట ఆ గదిలో అపూర్వమగు దృశ్యమొకటి ఆవిష్కృతమయ్యెను. శత్రుభయంకరుడగు వీరుడు బల్లయంచు చెంత చాప లేని నేలపై వెల్లకిల పరుండి, మెడ వంచి, మిడిగుడ్లతో ఆకాశమును చదువుచుండగా, కుర్చీయను రథముపై కళ్ళజోడు సవరించుకొని ఆసీనురాలైన వృద్ధసారథి, ఆతని పలుకుపలుకునకు మౌస్ అను పగ్గమును లాగుచు, వదలుచు, కనబడని శత్రువుపైకి నిబ్బరముగా సాగెను.

“కిందికి... ఇంకొంచెం... ఆగండి. పైకి ఒక్క వరుస. నొక్కండి.”

“నొక్కాను.”

“సెట్టింగులు వచ్చాయి. ఇప్పుడు ‘రూపురేఖలు’ అని ఉంటుంది. ఎడమకి. అబ్బ, నా ఎడమ కాదండీ, మీ ఎడమ!”

“మీరు పడుకుని ఉన్నారు బాబూ, మీ ఎడమేదో నాకేం తెలుస్తుంది.”

“అక్కడే! నొక్కండి! పెద్ద జాబితా వచ్చిందా?”

“నాకు నలుపే వచ్చింది.”

“నాకు వచ్చింది. అన్నిటికంటే పైది. మొట్టమొదటిది. దాని మీద నొక్కండి, ఏమైతే అదవుతుంది!”

నొక్కింది. ఒక్క రెప్పపాటులో, తెర నిండా, ఏ అలంకారమూ లేకుండా, ఏ హుందాతనమూ లేకుండా, తడిసిన సిమెంటుసంచి రంగు పరుచుకుంది. బూడిద మీద నల్లటి అక్షరాలు. లావుపాటి తలకట్లు. ఐకాన్లకు మళ్ళీ ఎరుపులు, నీలాలు. ఆ రంగును చూసి పెయింటరు జన్మలో ఎప్పుడూ పడనంత ఆనందపడ్డాడు. లేవబోయి బల్లకు తల కొట్టుకున్నాడు, దాన్నీ లెక్కచెయ్యలేదు.

“మూడు నిమిషాలు,” అంది భార్య. ఇస్త్రీ సంగతి మరిచిపోయి గుమ్మంలోనే నిలబడింది.

ఇప్పుడు మౌస్ వీరుడి చేతికి వచ్చింది. కొత్త పట్టీ కావాలన్నాడు. వచ్చింది, కాని తెర పైభాగాన వచ్చి కూర్చుంది. దాన్ని పట్టుకుని కిందికి లాక్కొచ్చాడు. సన్నగా ఉంది. లావు చేశాడు. ఇంకా లావు చేశాడు. ఆకుపచ్చ మీటను వెతికి తెచ్చి పట్టీ మీద వదిలాడు.

“అక్కడ కాదు బాబూ,” అంది అత్తగారు. “అది కుడి చివర. నా చెయ్యి ఎడమ మూలకే పోతుంది.”

మీటను ఎత్తి ఎడమకు తెస్తే గడియారం పక్కకు తప్పుకుంది. గడియారాన్ని నెడితే మీట మధ్యలోకి పోయింది. “ఓసీ హరితాంగీ! నిలువుము! నీవు లేక ఒక రాజు ఓటమి తప్పించుకొనునుగదా! ఒక ఏనుగు వ్యర్థమగునుగదా! నిలువుమని వేడుకొనుచున్నాను!” ఈసారి మనసులో అనుకోవడం మరిచి పైకే అనేశాడు.

“ఎవరితో మాట్లాడుతున్నారు?” అంది భార్య.

“మీటతో.”

“బతిమాలి చూడండి. ఒక్క నిమిషం ఉంది.”

మీట ఎడమ మూలకు జారి, అంచును తాకి, నిలిచింది. పెయింటరు రెండు చేతులూ పైకెత్తి మౌస్‌కి దూరంగా జరిగాడు. ఇంకా ఏదైనా ముట్టుకుంటానేమోనని అతనికే భయం వేసింది. అత్తగారు తెర వైపు చూడనైనా చూడలేదు. ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్ళి, రోజూ వెళ్ళే చోటికి వెళ్ళి, నొక్కింది.

గోడ గడియారం మొదటి గంట కొడుతుండగా తెర నిండా అక్క ముఖం వచ్చింది. చేతిలో డబ్బా మూత పట్టుకుని ఉంది.

“వచ్చావా! గంట కొట్టగానే అన్నీ డబ్బాలో వేసేద్దామని చూస్తున్నానే.”

“అంత ఆశ పడకు. రాజు మీద చెయ్యి తియ్యి.”

“ఏంటే, ఆయాసపడుతున్నావు? ఒంట్లో బాగుందా?”

“బాగుంది. ఇక్కడ మా అల్లుడుగారు కంప్యూటరుని అందంగా చేశారు.”

“ఏదీ చూడనీ. నాకేం కనబడట్లేదే.”

“అవును. మళ్ళీ మామూలుగా చేసేశారు,” అని, చెల్లెలు ఏనుగు మీద వేలు పెట్టి నెమ్మదిగా ముందుకు నెట్టింది.

అటుపై ఏమైందని అడుగుతారా? అక్క ముఖం చిన్నబోయింది. బల్ల మీదికి వంగింది. తిరిగి లేచింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. చెల్లెలు “ఆట కట్టు” అన్న రెండు మాటలు ఎంత మెల్లగా అందంటే, జీవితమంతా వాటిని దాచుకుని ఇప్పుడు ఖర్చుపెట్టడానికి మనసొప్పనట్టుంది. అక్క తన రాజును తనే బల్ల మీద పడుకోబెట్టింది. ఆ తర్వాత, “నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడే,” అంది. ఇద్దరూ కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. ఆ మహావిజయం సంగతి వాళ్ళు చూసుకుంటారు. మన గాథ దానిది కాదు.

అక్కాచెల్లెళ్ళు కబుర్లలో పడ్డాక పెయింటరు లోపలికి వెళ్ళి, తన పని సామాను పెట్టెలోంచి సన్న కుంచెను, పసుపు ఎనామెల్ డబ్బాను తెచ్చాడు. తెర చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ అంచు మీద, ఎడమ మూలన, ఆకుపచ్చ మీటకు సరిగ్గా దిగువన, ఊపిరి బిగబట్టి, పైకి చూపించే ఒక బాణం గీశాడు. దాని పక్కన రెండక్షరాలు రాశాడు. ‘అక్క’. తీగలు చుట్టలేదు, పువ్వులు పెట్టలేదు. నలుపు మీద పసుపు. రాశాక లేచి వెనక్కి వెనక్కి నడిచి, వంటగది గుమ్మం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చదివాడు. చదవగలిగాడు.

భార్య వచ్చి పక్కన నిలబడింది.

“అయితే ఇక ఆ పట్టీని కదపడానికి లేదన్నమాట.”

“లేదు.”

“ఒట్టేనా?”

“ఒట్టెందుకు? ఎనామెల్ వేశాను.”

ఆవిడ ఏదో అనబోయి, నవ్వి, అతని నుదుటి మీద బల్ల తగిలిన చోట చల్లటి తడిగుడ్డ అద్దింది. అతను తెర వైపు ఇంకోసారి చూశాడు. ఆ కిటికీల తలకట్లలో అక్షరాలు కాస్త లావుగా ఉన్నాయి, ఒక్క పిసరు తగ్గిస్తే ఎంత బాగుంటుంది! చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. తడి ఆరని పసుపు బాణం కనిపించింది. చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

ఈ గాథను ఎవరు చెవియొగ్గి విందురో వారి పట్టీలు పెట్టిన చోట నిలుచుగాక. ఎవరు ఇతరులకు వినిపింతురో వారి అక్షరములు వీధికి అవతలి వైపునుండియు చదువబడుగాక. నల్లటి పెట్టె లేచి ప్రశ్న అడిగినప్పుడు వారు చదివిన పిమ్మటనే సరే యందురుగాక. జయము! జయము! బొటనవేలి గోరంత ఆకుపచ్చ మీట, ఉదయము ఎచ్చట నుండెనో, మధ్యాహ్నము కాకమునుపే మరల అచ్చటనే నిలిచెను!